చెంప పుల్ల ‘క్లియర్’ అంది, ఎకో కాదంది: మా పిల్లి మబ్బు గుండె పరీక్షల మీద రివ్యూ

ముందే మార్కులు వేసేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇంటికి తెప్పించుకుని చెంపలో పుల్ల తిప్పి పంపే డీఎన్ఏ కిట్‌కి 5కి 2. మా పిల్లి గుండెకి ఎకో (గుండెని స్క్రీన్ మీద చూపించే అల్ట్రాసౌండ్ స్కాన్) తీసిన డాక్టరమ్మకి 5కి 5. అదే క్లినిక్ రిసెప్షన్‌కి 1, ఆ ఒక్కటి కూడా కుర్చీలు మెత్తగా ఉన్నందుకు. పేర్లు ఎవరివీ రాయను. గొడవలు నాకు పడవు, పైగా నేను చెప్పబోయేది ఫలానా కంపెనీ మంచిదా చెడ్డదా అని కాదు. పిల్లి గుండె ఎలా ఉందో తెలుసుకోవడానికి డబ్బు పెట్టాలంటే దేనికి పెట్టాలి అన్నది. నేను ముందు తప్పు దానికి పెట్టాను, అందుకే ఈ సోదంతా.

మబ్బు ఏడేళ్ల మగపిల్లి. బూడిద రంగు, ఒళ్లంతా బొచ్చు, కుంచె లాంటి తోక. ఆ తోక చూసి ‘మెయిన్ కూన్ రక్తం ఉందండీ’ అని అనని వాళ్లు లేరు, అదో పెద్ద బొచ్చుపిల్లి జాతి, కానీ కాగితాలేమీ లేవు, చిన్నప్పుడు మెట్ల కింద దొరికాడు. తింటాడు, నిద్రపోతాడు, అల్మారా పైకి ఒక్క గెంతులో ఎక్కుతాడు. జబ్బు అనే మాట వాడి విషయంలో మాకు ఎప్పుడూ తట్టలేదు.

టీకాకి తీసుకెళ్లిన రోజు మా మామూలు డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టారు. వీడేమో భయం వేసినా గురగురలాడే రకం. “వీడు ఇలా ఇంజన్ ఆన్ చేసి కూర్చుంటే నాకేం వినపడుతుందమ్మా” అని నవ్వి, ఎత్తుకుని సింకు దగ్గరికి తీసుకెళ్లి కుళాయి తిప్పారు. నీళ్ల చప్పుడుకి చాలా పిల్లులు గురగుర ఆపేస్తాయట, మా వాడు కూడా ఠక్కున ఆపాడు. ఆయన చాలాసేపు విన్నారు. ఎంతసేపంటే నాకు అరచేతులు చెమటలు పట్టేంత. “చిన్న మర్మర్ ఉంది, అంటే గుండె చప్పుళ్ల మధ్య ఒక అదనపు శబ్దం. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఎకో తీయిస్తే మంచిది” అన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను అప్పుడు దీన్ని సగమే విన్నాను. పిల్లుల్లో మర్మర్ ఉంటే జబ్బు ఉన్నట్టు కాదు, లేకపోతే జబ్బు లేనట్టూ కాదు. గుండె బాగానే ఉన్న పిల్లికి క్లినిక్ టెన్షన్‌లో గుండె వేగంగా కొట్టుకుని మర్మర్ వినపడొచ్చు. గుండె గోడ మందంగా తయారైన పిల్లికి చెవి పెడితే ఏ చప్పుడూ లేకపోవచ్చు. కాబట్టి స్టెతస్కోప్ అనుమానం పుట్టిస్తుంది, అంతవరకే దాని పని. తేల్చేది ఎకో. డాక్టర్ గారు ఇదంతా చెప్పారు. నా చెవికి మాత్రం ‘ఏమీ కాకపోవచ్చు’ ఒక్కటే ఎక్కింది.

ఇంటికొచ్చి నెట్‌లో పడ్డాను. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, హెచ్‌సీఎం అంటారు, గుండె గోడ మందమైపోయే జబ్బు. పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనపడే గుండె జబ్బు ఇదే. పైకి బాగానే కనిపించే పిల్లుల్లో కూడా దాదాపు నూటికి 15కి ఉంటుందని చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. వాటిలో చాలా పిల్లులు ఏ ఇబ్బందీ పడకుండా పూర్తి ఆయుష్షు బతికేస్తాయన్న ముక్క కూడా అక్కడే ఉంది. రాత్రి రెండింటికి అలాంటి ముక్కలు కళ్లకి ఆనవు.

అప్పుడు మా తమ్ముడు రంగంలోకి దిగాడు. “అక్కా, ఎకో అంటే వాణ్ని పట్టుకుని పడుకోబెట్టాలి, వాడు చచ్చేంత భయపడతాడు. డీఎన్ఏ కిట్ ఉంది, ఇంట్లోనే చెంపలో పుల్ల తిప్పి పంపిస్తే చాలు” అన్నాడు. ఎకో ఖర్చుతో పోలిస్తే కిట్ ఖర్చు చాలా తక్కువ. వద్దనడానికి నాకు కారణం కనపడలేదు.

కిట్ గురించి మంచి ముందు చెప్తాను. డబ్బా బాగుంది, రెండు పుల్లలు విడివిడిగా సీలు చేసి ఉన్నాయి, ఎలా తీయాలో బొమ్మలు వేసి మరీ ఇచ్చారు. తిన్న వెంటనే తీయొద్దు, చెంప లోపలి వైపు చిగుళ్లకి ఆనించి తిప్పాలి, ఆరనిచ్చి కవర్లో పెట్టాలి. మబ్బు మొదటి పుల్లని కొరికి తమ్ముడి చేతిలోంచి లాక్కుని మంచం కిందకి పట్టుకుపోయాడు. అందుకే రెండోది ఇస్తారు కాబోలు. మూడు వారాలన్నారు, మూడు వారాలకే రిజల్ట్ వచ్చింది. ఈ వరకు వంక పెట్టడానికి లేదు.

రిజల్ట్ పేజీ తెరిచాను. పెద్ద ఆకుపచ్చ టిక్కు. కింద ‘గుండె ఆరోగ్యం: క్లియర్’.

నేను ఏడ్చాను, నిజంగా. తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చాను. మా డాక్టర్ గారు రాసిచ్చిన ఎకో చీటీని సొరుగులో పడేసి నాలుగు నెలలు దాని ముఖం చూడలేదు.

ఇప్పుడు కిట్‌కి 2 మార్కులే ఎందుకో వినండి. ఆ పుల్ల గుండెని చూడదు. చూసేది రెండే రెండు మ్యుటేషన్లు, అంటే జన్యువులో వచ్చే మార్పులు. రెండూ ఒకే జన్యువులో ఉంటాయి, దాని పేరు ఎంవైబీపీసీ3, గుండె కండరంలోని ఒక ప్రొటీన్ తయారీకి సంబంధించింది. మెయిన్ కూన్ జాతిలో దొరికిన మార్పుని ఏ31పీ అంటారు, అది 2005లో బయటపడింది. రాగ్‌డాల్ జాతిలోది ఆర్820డబ్ల్యూ, అది 2007లో. ఈ రెండు జాతుల బయట ఇవి కనపడటమే అరుదు. మామూలు ఇంటి పిల్లుల్లో వచ్చే హెచ్‌సీఎంకి వీటితో సంబంధం ఉండదు. అసలు మెయిన్ కూన్లలోనే ఈ మార్పు లేకుండా జబ్బు వచ్చినవి ఉన్నాయి, ఒక కాపీ (తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర్నుంచే వచ్చింది) ఉండి కూడా ముసలితనం వరకు శుభ్రంగా ఉన్నవీ ఉన్నాయి. రెండు కాపీలు ఉంటే మాత్రం ప్రమాదం బాగా ఎక్కువ. స్ఫింక్స్ పిల్లుల్లో 2021లో ఇంకేదో వేరే జన్యువు పేరు కూడా బయటికొచ్చింది. అంటే కథ ఇంకా నడుస్తోంది, తెలియని జన్యువులు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు.

అలాగని కిట్ దండగ అనను. మెయిన్ కూన్లనీ రాగ్‌డాల్‌లనీ పిల్లలు పెట్టించేవాళ్లకి అది తప్పకుండా కావాల్సిన పరీక్ష, రెండు కాపీలున్న పిల్లిని జత కట్టించకుండా ఆపడానికి. మెట్ల కింద దొరికిన మబ్బుకి అది చెప్పగలిగింది ఏంటంటే ‘నీకు ఆ రెండు మార్పులు లేవు నాయనా’ అని. దాన్ని ‘గుండె ఆరోగ్యం: క్లియర్’ అని రాయడమే నా కోపం. ఈ వివరం వాళ్ల రిపోర్ట్‌లో లేదా అంటే ఉంది. నాలుగో పేజీలో, బూడిద రంగు అక్షరాల్లో, చీమ తలకాయంత సైజులో. టిక్కుకి ఇచ్చిన సైజులో సగం ఈ వాక్యానికి ఇచ్చి ఉంటే 4 మార్కులు వేసేదాన్ని.

నాలుగు నెలల తర్వాత మబ్బు పళ్లు క్లీన్ చేయించాల్సి వచ్చింది. దానికి మత్తు ఇవ్వాలి. డాక్టర్ గారు మళ్లీ కుళాయి తిప్పి విన్నారు, ఈసారి నవ్వలేదు. మర్మర్‌తో పాటు గుర్రం దౌడులా ఇంకో చప్పుడు కూడా ఉందన్నారు, గాలప్ అంటారట, పిల్లుల్లో మర్మర్ కంటే ఇదే ఎక్కువ ఆలోచించాల్సిన విషయమట. నేను ఫోన్ తీసి ఆకుపచ్చ టిక్కు చూపించాను. ఆయన చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “అమ్మా, ఇది వాడి జాతకం లాంటిది, నాకు కావాల్సింది వాడి ఎక్స్‌రే లాంటిది” అన్నారు. ఎకో లేకుండా మత్తు ఇవ్వనని ఖచ్చితంగా చెప్పేశారు. పైకి బాగానే ఉన్న పిల్లికి లోపల ఈ జబ్బు ఉంటే మత్తు, సెలైన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ లాంటివి ఒక్కసారిగా గుండె చేతులెత్తేసేలా చేయగలవట. పళ్ల వంకతో బతికిపోయాం అనుకోవాలి.

ఆయన అక్కడే ఒక రక్తపరీక్ష కూడా చేశారు, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అని. గుండె కండరం సాగి ఇబ్బంది పడుతుంటే రక్తంలోకి వదిలే పదార్థాన్ని కొలుస్తుంది. క్లినిక్‌లో చేసేది చిన్న ప్లాస్టిక్ పలక, ప్రెగ్నెన్సీ టెస్ట్ చూసినట్టు రంగు చూసి నార్మలా కాదా అని చెప్తారు. మావాడిది కాదు అని వచ్చింది. దీనికీ మార్కులు వేయమంటే 3.5 వేస్తాను. జబ్బు బాగా ముదిరినప్పుడు పట్టేస్తుంది, మొదట్లో ఉన్నదాన్ని వదిలేయొచ్చు. ఎకో ఇప్పుడే తీయాలా, కొంచెం ఆగొచ్చా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది, ఎకో బదులు కాదు.

ఇక అసలు క్లినిక్. గుండె డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ పదకొండు గంటలకి. లోపలికి పిలిచింది పన్నెండున్నరకి. ఈ గంటన్నర మబ్బు బుట్ట నేల మీద ఉంది, ఎందుకంటే పెట్టుకోవడానికి ఎత్తుగా బల్ల గానీ అరగానీ లేదు, ఎదురుగా మూడు కుక్కలు, అందులో ఒకటి బుట్ట జాలీలోకి ముక్కు దూర్చింది. గుండె జబ్బు అనుమానంతో వచ్చిన పిల్లిని కుక్కల మధ్య కూర్చోబెట్టే గుండె క్లినిక్‌ని ఏమనాలి? పిల్లులకి వేరే గది ఉందా అని అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి తల ఎత్తకుండా “అందరికీ ఇదే మేడమ్” అంది. బయట కారులో కూర్చుంటాను, పిలవండి అంటే నంబర్ దాటిపోతే మళ్లీ చివర్లో అంది. అక్కడికీ మా డాక్టర్ గారు ముందుచూపుతో బయల్దేరే ముందు వేయమని భయం తగ్గించే మందు, గాబాపెంటిన్, ఇచ్చారు కాబట్టి సరిపోయింది, వాడు మత్తుగా మెత్తగా ఉన్నాడు. ఈ క్లినిక్ వాళ్లు ఫోన్లో అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడు ఆ మాటే ఎత్తలేదు. భయంతో గుండె పరిగెడుతుంటే ఎకోలో కొలతలు తీయడం కూడా కష్టమే కదా.

లోపలికి వెళ్లాక మాత్రం వేరే లోకం. గది చీకటిగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. డాక్టరమ్మ మొదటి అయిదు నిమిషాలు వాణ్ని ముట్టుకోలేదు, బుట్ట మూత తీసి వదిలేసి నాతో మాట్లాడారు. వాడంతట వాడే బయటికొచ్చి ఆవిడ చెయ్యి వాసన చూశాడు. బల్లకి ఒక పక్క కోసిన గుంట ఉంటుంది, పిల్లిని పక్కకి పడుకోబెట్టి ఛాతీ ఆ గుంట మీదకి వచ్చేలా పెడతారు, ప్రోబ్‌ని కింద నుంచి ఆనిస్తారు. ముందుకాలు చంక దగ్గర చిన్న ముక్క బొచ్చు తీశారు, ముందు నన్ను అడిగి. జెల్ రాశారు. ఒకరు తల దగ్గర, ఒకరు కాళ్ల దగ్గర, గట్టిగా అదిమి కాదు, చెయ్యి వేసి ఉంచారంతే. మధ్యలో వాడు అరిస్తే ఆపేసి, పైకి లేవనిచ్చి, మళ్లీ మొదలుపెట్టారు. ముప్పావుగంట పట్టింది. తమ్ముడు చెప్పిన ‘చచ్చేంత భయం’ ఏమీ లేదు. చెంపలో పుల్ల పెట్టినప్పుడే వాడు ఎక్కువ గోల చేశాడు.

ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పి చెప్పుకుంటూ పోయారు. గుండె వదులైనప్పుడు ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే కింది గది) గోడ మందం కొలుస్తారు. 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు, 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మందం అయినట్టు, మధ్యలో ఉంటే పిల్లి సైజు, వంశం, మిగతావి చూసి ఆలోచించాలి. మబ్బుది 6.8. మిల్లీమీటరో రెండో ఉండే తేడాలకి మన ప్రాణాలు ఇలా వేలాడతాయి. గోడ మందమైతే నష్టం ఏంటని అడిగాను, బలంగా ఉన్నట్టే కదా అని. “పల్చటి రబ్బరు బుడగలోకి నీళ్లు పోయడం తేలిక, మందపాటి తోలు సంచిలోకి పోస్తే అది సాగదు కదమ్మా. మీవాడి గుండె పిండటం బాగానే పిండుతోంది, వదులవ్వడమే రావట్లేదు” అన్నారు. సాగకపోతే లోపలికి రావాల్సిన రక్తం వెనక ఎడమ కర్ణికలో, అంటే పై గదిలో, ఆగుతుంది, అది ఉబ్బుతుంది. ఇంకా వెనక్కి తంతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఉబ్బిన కర్ణికలో రక్తం నిలవుంటే గడ్డ కడుతుంది. నేను నెట్‌లో పది రాత్రులు చదివి అర్థం చేసుకోలేనిది ఆ ఒక్క తోలు సంచితో అర్థమైంది.

మర్మర్ ఎందుకో కూడా చూపించారు. ఆ రెండు గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ కవాటం రెక్క ఒకటి రక్తం బయటికి పోయే దారిలోకి గుంజుకుపోయి అడ్డం పడుతోంది. రక్తం పారే తీరుని రంగుల్లో చూపే డాప్లర్‌లో అక్కడ నీలం, ఎరుపు, పసుపు కలిసి చిందరవందరగా, చూడ్డానికి అందంగా కూడా ఉంది, అదే బాధ. కర్ణిక ఓ మోస్తరుకి మించే పెరిగింది. అందుకని జబ్బు దశ బీ2 అన్నారు. ఏ అంటే జబ్బు వచ్చే అవకాశం ఉన్న జాతి గానీ వంశం గానీ, ఇంకా రాలేదు. బీ1 జబ్బు ఉంది, కర్ణిక బాగానే ఉంది లేదా కాస్త పెరిగింది. బీ2 కర్ణిక బాగా పెరిగింది కానీ పిల్లి ఇంకా ఇబ్బంది పడట్లేదు. సీ అంటే గుండె చేతులెత్తేసింది లేదా గడ్డ కట్టింది. డీ అంటే మందులకి కూడా లొంగట్లేదు.

అంతటితో హెచ్‌సీఎం అని ముద్ర వేసేయలేదు, అది నాకు నచ్చింది. బీపీ ఎక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నా కూడా గోడ ఇలాగే మందమవుతుంది, అప్పుడు వైద్యం చేయాల్సింది వాటికి. కాలికి చిన్న పట్టీ కట్టి బీపీ చూశారు, థైరాయిడ్‌కి రక్తం తీశారు. రెండూ బాగున్నాయి. అప్పుడు ఖాయం చేశారు.

టారిన్ గురించి అడిగాను, మా పక్కింటాయన ‘టారిన్ తక్కువైతే పిల్లి గుండె పోతుంది’ అని గట్టిగా చెప్పారు కాబట్టి. అది వేరే జబ్బట. టారిన్ లోపిస్తే గుండె గోడ పల్చబడి సంచిలా సాగిపోతుంది, ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. 1987లో ఆ సంబంధం తేలాక కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచాయి, ఆ జబ్బు చాలా అరుదైపోయింది. పక్కింటాయన చెప్పింది తప్పు కాదు, మా పిల్లికి వర్తించదు, అంతే.

మందుల మాట కొస్తే ఆవిడ అమ్మడానికి చూడలేదు, అది ఇంకో కారణం 5కి 5 ఇవ్వడానికి. అటెనొలాల్ వేస్తే మర్మర్ తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది, కానీ లక్షణాలు లేని పిల్లి దానివల్ల ఎక్కువకాలం బతుకుతుందని రుజువు లేదు, రోజూ వాణ్ని పట్టుకుని మింగించే కష్టానికి తగ్గ లాభం ఉందా అని మీరే ఆలోచించండి అన్నారు. సిరోలిమస్ గురించి నేనే ఎత్తాను. వారానికి ఒకసారి వేసే బిళ్ల, ఆలస్యంగా కరిగే రకం, 2025 మార్చిలో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ షరతులతో అనుమతి ఇచ్చింది, గోడ మందం పెరగడాన్ని ఆపుతుందని ఆశ పెట్టింది. ఆవిడ ఒప్పుకున్నారు, ఆశ పెట్టుకోదగ్గదే అన్నారు. కాకపోతే దాని వెనకున్న ఒక అధ్యయనంలో ఉన్నవి 43 పిల్లులు, ఆరు నెలలు, పైగా మావాడిలా దారికి అడ్డం పడే రకం కాదు. షుగర్ ఉన్నవాటికీ లివర్ జబ్బు ఉన్నవాటికీ అసలు వాడకూడదు. కొంచెం ఆగుదాం అన్నారు. కొత్త మందు పేరు చెప్పగానే రాసిచ్చే డాక్టర్ల కంటే ఇలా ఆగుదాం అనేవాళ్లని నేను ఎక్కువ నమ్ముతాను.

ఒక్కటి మాత్రం తప్పనిసరి అన్నారు: క్లోపిడోగ్రెల్, రక్తం గడ్డకట్టకుండా. మనుషులు వాడే 75 మిల్లీగ్రాముల బిళ్లలో నాలుగో వంతు, 18.75, రోజుకోసారి. (మీ పిల్లికి నా రివ్యూ చూసి వేసేయకండి దయచేసి.) ఒకసారి గడ్డ కట్టి బతికిన పిల్లుల మీద ఆస్పిరిన్‌తో పోల్చి చూస్తే, మళ్లీ గడ్డ వచ్చేలోపు గడిచిన కాలం ఆస్పిరిన్‌తో మధ్యస్థంగా 192 రోజులు, దీనితో 443 రోజులు. ఆ తేడా విన్నాక ఇంకేం అడుగుతాం.

కానీ ఈ బిళ్ల ఎంత చేదో ఎవరూ చెప్పలేదు! డాక్టరమ్మ కూడా మర్చిపోయారు, ఫార్మసీ వాళ్లు అసలే చెప్పరు. మొదటిరోజు ముక్క నాలుక మీద పడగానే మబ్బు నోట్లోంచి నురగ, అరగంట చొంగ, సోఫా, కర్టెన్, నా చీర. వీడికి ఫిట్స్ వచ్చాయనుకుని క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్ వాళ్లు రేపు చేయమన్నారు. మా మామూలు డాక్టర్ గారే ఉపాయం చెప్పారు: ఖాళీ జెలటిన్ క్యాప్సూల్స్ అతి చిన్న సైజువి తెచ్చి, ముక్కని అందులో పెట్టి, బయట పొడి అంటకుండా తుడిచి, నాలుక వెనక్కి వేసి, వెంటనే సిరంజితో కొంచెం నీళ్లు పట్టాలి, లేదంటే గొంతులో అతుక్కుంటుంది. అప్పట్నుంచి రోజుకి పది సెకన్ల పని. ఆ ఖాళీ క్యాప్సూల్స్‌కి 5కి 5. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైనవి అవే, ఇంట్లో శాంతి వాటివల్లే.

ఇంటికి వచ్చాక నేను చేసే పని ఊపిరి లెక్కపెట్టడం. పిల్లి గాఢంగా నిద్రపోయేటప్పుడు, ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలి. నిమిషానికి 30 లోపు ఉంటే పర్వాలేదు. వరసగా 30 దాటుతుంటే ఫోన్ చేయాలి. మబ్బుది 18 నుంచి 22 మధ్య తిరుగుతుంది. గురగురలాడేటప్పుడు, కలలో కాళ్లు ఆడించేటప్పుడు లెక్క పనికిరాదు. దీనికి యాప్‌లు ఉన్నాయి, ఊపిరి తీసిన ప్రతిసారీ స్క్రీన్ తడితే అదే లెక్కేస్తుంది. నేను ఒకటి వాడి చూశాను, బాగానే ఉంది కానీ నేను రోజుకి పన్నెండుసార్లు తట్టడం మొదలుపెట్టాను, గ్రాఫ్ చూసుకుంటూ. చివరికి మా తమ్ముడే యాప్ తీసేసి ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు, రోజుకి ఒకటే గడి. గోడ గడియారమే మేలు.

దగ్గు కోసం ఎదురుచూడకండి. గుండె జబ్బులో కుక్కలు దగ్గుతాయి, పిల్లులు సాధారణంగా దగ్గవు. అవి ఊపిరి వేగం పెంచుతాయి, మూల చూసుకుని దాక్కుంటాయి, తిండి మానేస్తాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే ఆలోచించడానికి టైమ్ లేదు.

ఇప్పుడు ఈ క్లినిక్ మీద నా పెద్ద ఫిర్యాదు. గడ్డ కడితే ఏమవుతుందో, ఎలా కనిపిస్తుందో ఆ రోజు మాకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. డాక్టరమ్మ ‘గడ్డ రాకుండా’ అన్నారు, నేను తల ఊపాను, తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. రిపోర్ట్ తొమ్మిది రోజులకి మెయిల్‌లో వచ్చింది, అందులో మబ్బుని ఆడపిల్లిగా రాశారు, మూడో పేజీ చివర ఒక లైన్ ఉంది. నేను చదివి లేచి నిలబడ్డాను. గుండెలో పుట్టిన గడ్డ చాలాసార్లు అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) చివర, రెండు వెనక కాళ్లకి దారి చీలే చోట ఇరుక్కుంటుంది. అప్పటివరకు బాగానే ఉన్న పిల్లి ఒక్కసారిగా భయంకరంగా అరుస్తుంది, వెనక కాళ్లు ఈడ్చుకుంటుంది, ఆ కాళ్లు చల్లబడతాయి, పాదాల కింద మెత్తలు పాలిపోతాయి లేదా నీలంగా మారతాయి. నడుం విరిగిందేమో, ఎక్కడైనా పడిందేమో అనుకుని చాలామంది పొద్దున్న చూద్దాంలే అంటారట. నేనూ అనేదాన్నే. తెలియకపోతే ఎవరైనా అంటారు. అది అర్ధరాత్రైనా పరిగెత్తాల్సిన విషయం, అన్నిటికంటే ముందు నొప్పి తగ్గించడానికి. ఇంత ముఖ్యమైనది మూడో పేజీ చివర ఉండకూడదు. కిట్ వాళ్లనేమో నాలుగో పేజీలో దాచారని తిట్టాను, వీళ్లు ఒక పేజీ నయం, అంతే.

ఇదంతా వాళ్లకి మెయిల్ రాశాను. కోపంగా కాదు, వరసగా: కుక్కలు, బల్ల, గాబాపెంటిన్, చేదు బిళ్ల, మూడో పేజీ, ఆడపిల్లి. జవాబు రాలేదు.

ఆరు నెలలకి రెండోసారి ఎకోకి వెళ్లాం పోయిన వారం. గోడ 6.9, అంటే అక్కడే ఉన్నట్టు, అంత చిన్న తేడా కొలతలోనే వచ్చేస్తుందన్నారు డాక్టరమ్మ. కర్ణిక పెరగలేదు. పళ్లు కూడా ఈలోపు అయిపోయాయి, మత్తు మందులు మార్చి, సెలైన్ లెక్కగా ఇచ్చి, ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుని చేశారు. వెయిటింగ్ హాల్లో మళ్లీ గంట కూర్చున్నాం. అవే కుక్కలో వాటి చుట్టాలో ఎదురుగా ఉన్నాయి. కానీ ఈసారి గోడకి ఒక అర కొట్టి ఉంది, బుట్టలు పైన పెట్టుకోవడానికి, పక్కన మడతపెట్టిన తువ్వాళ్లు, బుట్ట మీద కప్పమని. వెళ్లేటప్పుడు ఆ కౌంటర్ అమ్మాయి ఒక కాగితం చేతిలో పెట్టింది, వెనక కాళ్లు చల్లబడితే ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో, రాత్రిపూట ఫోన్ నంబర్‌తో సహా. మబ్బు పేరు పక్కన మళ్లీ ‘ఆడ’ అనే ఉంది.

రిసెప్షన్‌కి 2.